304 స్టెయిన్‌లెస్ కప్పు ఒకే డ్రాలో రావాలంటే: హైడ్రోఫార్మింగ్ అసలు ఏం చేస్తుంది

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. రేకు 304 స్టెయిన్‌లెస్, మందం 1 మి.మీ. కావలసింది 100 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. లోతు ఉన్న కప్పు. మామూలు పంచ్ (రేకును తోసే ఉక్కు దిమ్మె), డై (రేకు దిగే గుంట ఉన్న అచ్చు) పెట్టి లాగితే అడుగు మూలకు కాస్త పైన చుట్టూ చిరిగి అడుగు ఊడిపోతోంది. హైడ్రోఫార్మింగ్ (ద్రవం ప్రెషర్ సాయంతో రేకుకి ఆకారం ఇవ్వడం) అయితే ఒకే డ్రాలో, అంటే ఒకే లాగుడులో, వస్తుందని ఎవరో చెప్పారు. నీళ్ళు అంత గట్టి రేకును ఎలా వంచుతాయి, ఎంత ప్రెషర్ కావాలి, చేతి పంపు కొనుక్కుని షెడ్‌లోనే చేసుకోవచ్చా అని మీ సందేహం.

ఒకే డ్రాలో వస్తుందన్న మాట నిజమే. షెడ్‌లో చేతి పంపుతో మాత్రం రాదు. ఎందుకో తెలియాలంటే ముందు మీ కప్పు ఎందుకు చిరుగుతోందో చూడాలి. హైడ్రోఫార్మింగ్ చేసే మేలంతా ఆ చిరుగు దగ్గరే ఉంది.

ఈ కప్పుకి ఎంత బ్లాంక్ (లాగే ముందు కోసుకునే గుండ్రటి రేకు) కావాలో లెక్క వేయండి. మందం మారదనుకుంటే బ్లాంక్ విస్తీర్ణమూ కప్పు విస్తీర్ణమూ ఒకటే. వ్యాసం 100, లోతు 100 కాబట్టి 100 × 100కి 4 × 100 × 100 కలిపి వర్గమూలం తీయండి. దాదాపు 224 మి.మీ. వస్తుంది. మూతి దగ్గర ట్రిమ్మింగ్‌కి కాస్త వదిలితే 230. దాన్ని పంచ్ వ్యాసంతో భాగిస్తే 2.3. ఇదే డ్రా రేషియో. మామూలు డీప్ డ్రాయింగ్‌లో మొదటి డ్రాకి హద్దు 2 దగ్గర ఉంటుంది. రేకు మంచిదై, లూబ్రికేషన్ కుదిరితే ఆ పైన ఇంకాస్త. మీరు అడుగుతున్నది 2.3. చిరగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఆ హద్దు ఎక్కడినుంచి వచ్చింది? బ్లాంక్ అంచు చుట్టుకొలత మొదట 720 మి.మీ. పైచిలుకు. అదే అంచు కప్పు మూతి అయ్యేసరికి 314 కావాలి. అంటే ఫ్లాంజ్‌లో (ఇంకా లోపలికి దిగని చుట్టూ అంచులో) ఉన్న లోహం లోపలికి జరుగుతూ, చుట్టూరా సగానికన్నా తక్కువకు కుంచించుకోవాలి. అది ఊరికే కుంచించుకోదు, ముడతలు పడబోతుంది. ముడత పడకుండా బ్లాంక్ హోల్డర్ అనే రింగు ఆ అంచును తొక్కిపెడుతుంది. ఈ పెనుగులాట మధ్య ఫ్లాంజ్‌ను లోపలికి లాగే బలం పంచ్ ముక్కు దగ్గర పుట్టి కప్పు గోడ గుండా పైకి పోవాలి. పంచ్ మూల దగ్గర, దానికి కొంచెం పైన, రేకు మొదట్లోనే సాగి పలచబడి ఉంటుంది. పైగా ఫ్లాంజ్‌లో నలిగి వచ్చిన లోహం గట్టిపడినంతగా ఆ చోటి లోహం గట్టిపడదు. బలహీనమైన ఆ సన్నటి పట్టీ మీదే మొత్తం లాగుడు పడుతుంది. మీ కప్పు తెగుతున్నది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు డై అంచును మాత్రం ఉంచి, దాని కింద గుంట చోట ద్రవం నిండిన గది పెట్టండి. పంచ్ మాత్రం మామూలు ఉక్కు పంచే. దీన్ని హైడ్రోమెకానికల్ డీప్ డ్రాయింగ్ అంటారు. నూనె గానీ, తుప్పు పట్టకుండా నూనె కలిపిన నీళ్ళు గానీ వాడతారు. పంచ్ రేకును గదిలోకి తోస్తుంటే లోపలి ద్రవానికి పోయే దారి ఉండదు. మనం పెట్టిన ప్రెషర్ దాటితేనే రిలీఫ్ వాల్వ్ కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ ప్రెషర్ రేకును అన్ని వైపుల నుంచీ పంచ్ మీదకు నొక్కుతుంది. తడిసిన బట్ట ఒంటికి అతుక్కున్నట్టు రేకు పంచ్‌కి అతుక్కుపోతుంది.

గమనించండి, కప్పుకి ఆకారం ఇస్తున్నది ఇక్కడా పంచే. ద్రవం చేసేది రేకును దానికి అంటిపెట్టి పట్టుకోవడం. ఆ పట్టు ఎంతో చూద్దాం. పంచ్ 50 మి.మీ. లోపలికి దిగిందనుకోండి, ప్రెషర్ 300 బార్, అంటే చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు. గోడ విస్తీర్ణం సుమారు 15,700 చదరపు మి.మీ. ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే ఘర్షణ బలం దాదాపు 70 కిలోన్యూటన్లు, ఏడు టన్నులు. మీ కప్పు గోడ తెగకుండా మోయగలిగేది 600 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకు 600 న్యూటన్లు) లెక్కన 19 టన్నుల దాకా. అంటే మూల మీద పడాల్సిన లాగుడులో మూడో వంతుకు పైగా పంచ్ గోడే తన మీద వేసుకోగలదు. లోతుకి పోయేకొద్దీ ఆ భాగం పెరుగుతుంది. మూల దగ్గరి పట్టీ ఊపిరి పీల్చుకుంటుంది. డ్రా రేషియో 2.5 దాటి వెళ్ళగలగడానికి ప్రధాన కారణం ఇదే.

దీనివల్ల ఒక పని అలవాటుకి విరుద్ధంగా చేయాల్సి వస్తుంది. ప్రెస్ షాపుల్లో పంచ్‌ని అద్దంలా పాలిష్ చేసి, రేకుకి రెండు వైపులా నూనె పట్టించి పెడతారు. ఇక్కడ పంచ్ వైపు నూనె రాయకండి. పంచ్ గోడ కాస్త గరుకుగా, పొడిగా ఉండాలి. జారాల్సింది ఫ్లాంజ్, అక్కడే నూనె. కొత్త మెషీన్ మీద చిరుగులు ఆగడం లేదని వచ్చిన ఫిర్యాదుల్లో, ఆపరేటర్ పాత అలవాటుగా పంచ్‌ని శుభ్రంగా నూనెతో తుడవడమే కారణమైన సందర్భాలు చూశాను.

రెండో మేలు డై మూల దగ్గర. మామూలు డైలో రేకు ఒక ఉక్కు రేడియస్ మీద ఒరుసుకుంటూ వంగి, మళ్ళీ తిన్నగా అవుతూ లోపలికి జారుతుంది. గీతలు పడేది, స్టెయిన్‌లెస్ డైకి అంటుకుని గోకేది అక్కడే. ద్రవం ఉన్నప్పుడు పంచ్‌కీ డై అంచుకీ మధ్య ఉన్న రేకు పైకి ఉబ్బుతుంది, డై మూలను వదిలేస్తుంది. వంపు గాలిలో, అదే, ద్రవం మీద ఏర్పడుతుంది. సీలు లేని గదుల్లో ఫ్లాంజ్ కింద నుంచి కొద్దిగా ద్రవం బయటకు కారుతూ సన్నటి పొరలా నిలుస్తుంది. అంతకన్నా మంచి లూబ్రికేషన్ ఏముంటుంది.

ఆ వంపు రేడియస్ ఎంత? దీనికి ఒక చిన్న లెక్క ఉంది. హైడ్రోఫార్మింగ్‌లో ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోమంటే నేను ఇదే చెప్తాను: ప్రెషర్ అంటే రేకు బలాన్ని మందంతో గుణించి రేడియస్‌తో భాగిస్తే వచ్చేది. తిప్పి రాస్తే, రేడియస్ అంటే బలం, మందం గుణించి ప్రెషర్‌తో భాగిస్తే వచ్చేది. 304ని 500 మెగాపాస్కల్ అనుకోండి. 100 బార్ (10 మెగాపాస్కల్) దగ్గర ఆ వంపు 50 మి.మీ. దాకా వదులుగా ఉండొచ్చు. 400 బార్ దగ్గర 12.5 మి.మీ.కి బిగుసుకుంటుంది. ప్రెషర్ పెంచేకొద్దీ కంటికి కనపడని డై రేడియస్ చిన్నదవుతూ పోతోందన్నమాట. మామూలు డైలో ఈ రేడియస్ మార్చాలంటే టూల్ రూముకి పంపాలి. ఇక్కడ వాల్వ్ తిప్పితే మారుతుంది.

అందుకే ఈ పనిలో నైపుణ్యమంతా ప్రెషర్‌ను ఎప్పుడు ఎంత పెంచాలన్న దాంట్లో ఉంటుంది. గరిష్ఠ ప్రెషర్ ఎంత అన్నది రెండో ప్రశ్న. మొదట్లోనే ఎక్కువ ఇచ్చారో, పంచ్ ఇంకా సరిగా దిగకముందే రేకు డై అంచు దగ్గర ఎదురు దిక్కుకు ఉబ్బి పగులుతుంది. ఆలస్యం చేశారో, మూల దగ్గర పట్టు దొరక్క పాత చిరుగే మళ్ళీ వస్తుంది, లేదా ఆధారం లేని చోట ముడత పడి, ఆ ముడతే గోడలోకి దిగి ఇస్త్రీ చేసిన మడతలా శాశ్వతంగా ఉండిపోతుంది. చిరుగు ఎక్కడ పడిందో చూసి ఏం జరిగిందో చెప్పొచ్చు. మూలకు పైన పడితే ప్రెషర్ తక్కువైంది లేదా ఆలస్యమైంది. పైన వంపు దగ్గర పడితే ఎక్కువైంది, లేదా బ్లాంక్ హోల్డర్ బిగువెక్కువైంది. ట్రయల్‌లో చెడిన ముక్కల్ని స్క్రాప్‌లో వేయకండి. ప్రతిదాని మీదా ప్రెషర్, లోతు మార్కర్‌తో రాసి వరసగా పెట్టుకోండి. ఆ వరసే మీకు దారి చూపిస్తుంది.

డయాఫ్రమ్ రకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జాబ్ వర్క్ చేసే షాపుల్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది అదే. ఇందులో ద్రవం రేకును నేరుగా తాకదు. పైన గుమ్మటం లాంటి గదిలో నూనె ఉంటుంది, దాని నోటికి మందపాటి రబ్బరు డయాఫ్రమ్ బిగించి ఉంటుంది. రేకును బ్లాంక్ హోల్డర్ రింగు మీద పెడతారు. గది కిందికి దిగి రేకును తొక్కుతుంది, పంచ్ కింద నుంచి పైకి లేస్తుంది, రబ్బరు రేకును పంచ్ చుట్టూ చుట్టేస్తుంది. సీలింగ్ బాధ లేదు, ముక్క తడవదు, కింద మీద పడే నూనె లేదు. సాధారణంగా 700 బార్ దాకా పనిచేస్తాయి. ఒక ఇబ్బంది ఉంది. గదిలోని ప్రెషరే ఫ్లాంజ్‌నీ నొక్కుతుంది కాబట్టి పట్టునీ బిగువునీ వేరువేరుగా సర్దుకోలేం. ప్రెషర్ పెంచితే రెండూ పెరుగుతాయి. హైడ్రోమెకానికల్ ప్రెస్‌లో బ్లాంక్ హోల్డర్‌కి వేరే సిలిండర్లు ఉంటాయి, అక్కడ ఈ తంటా లేదు.

రబ్బరుకి ప్రాణాంతకం బ్లాంక్ అంచున ఉండే బర్, అంటే కోసినప్పుడు మిగిలిపోయే పదునైన ముల్లు. లేజర్ కట్ చేసినా, షియర్ మీద కోసినా అంచు మీద గోరు పెట్టి గీసి చూడండి, గోరు తట్టుకుంటే తీసేయాల్సిందే. డయాఫ్రమ్ మీద పడే గాటు మొదట వెంట్రుకంతే ఉంటుంది. కొన్ని వందల సైకిళ్ళకి అది నోరు తెరుస్తుంది. అందుకే చాలామంది డయాఫ్రమ్‌కీ రేకుకీ మధ్య పాత రబ్బరు షీట్ ఒకటి వేస్తారు, పోయినా బాధ లేకుండా.

రబ్బరుతో రేకు నొక్కడం కొత్తదేమీ కాదు. డగ్లస్ విమాన సంస్థలో హెన్రీ గెరిన్ పేరు మీద వచ్చిన పద్ధతిలో గట్టి రబ్బరు దిమ్మెనే పైన డైలా వాడేవారు, విమానాల రిబ్బులూ ఫ్రేములూ అలా వచ్చాయి. దిమ్మె బదులు వెనక ద్రవం ఉన్న సంచి పెట్టడం తర్వాతి మెట్టు. 1950ల్లో సిన్సినాటిలోని షైబుల్ కంపెనీకి చెందిన ఫ్రెడ్ లుథెసర్, జాన్ ఫాక్స్ తీసుకున్న పేటెంట్ ఈనాటి డయాఫ్రమ్ మెషీన్లకి మూలం. వాళ్ళు మొదట దాంతో చేసింది వంటగది కొళాయి గొట్టాలు. విమాన పరిశ్రమలో ఇలా ద్రవపు సంచితో నొక్కే ఫ్లూయిడ్ సెల్ ప్రెస్‌లు ఇప్పటికీ ప్రధానమే. ఒక పెద్ద ట్రే మీద అరడజను వేర్వేరు ఆకారాల టూళ్ళు పేర్చి, వాటి మీద బ్లాంక్‌లు పెట్టి ఒకే దెబ్బకి నొక్కేస్తారు. టూల్ ఒక సగమే చాలు కాబట్టి ఉక్కే కానక్కర్లేదు. అల్యూమినియం, జింక్ మిశ్రమం, గట్టి రెజిన్, నమూనా ముక్కలకైతే చెక్క కూడా పనికొస్తాయి.

పంచే లేకుండా, ద్రవంతో రేకును గుంట డైలోకి నొక్కే రకం మూడోది. మీ కప్పుకి ఇది పనికిరాదు, కానీ చాలామంది హైడ్రోఫార్మింగ్ అంటే ఇదే అనుకుంటారు. అంచులు గట్టిగా బిగించి ఉబ్బిస్తే లోహం బయటినుంచి రాదు, ఉన్నదే సాగాలి. ఒక వృత్తాన్ని అర్ధగోళంగా ఉబ్బిస్తే విస్తీర్ణం రెట్టింపు, కాబట్టి సగటు మందం సగం. శిఖరం దగ్గర ఇంకా తక్కువ. అంతవరకూ ఏ మామూలు రేకూ ఆగదు. లోతు లేని పెద్ద ప్యానెళ్ళకి మాత్రం ఇది బాగుంటుంది. కారు బానెట్ లాంటి చదునైన ప్యానెల్ మధ్యలో రేకు ఎంతో కొంత సాగితేనే గట్టిపడుతుంది, వేలితో నొక్కితే సొట్ట పడదు. 2006 మోడల్‌గా వచ్చిన పాంటియాక్ సాల్‌స్టిస్ కారు బాడీ ప్యానెళ్ళు రేకు హైడ్రోఫార్మింగ్‌తో చేసినవే. వాటి ఒంపులు మామూలు స్టాంపింగ్‌లో తేలికగా వచ్చేవి కావు. గొట్టాల హైడ్రోఫార్మింగ్ వేరే లోకం. 1997 కార్వెట్ ఫ్రేమ్ పక్క పట్టాల్లాంటివి ఆ కోవకి చెందుతాయి. అక్కడ గొట్టాన్ని రెండు చివర్ల నుంచి తోస్తూ లోపల వేల బార్లు ఎక్కిస్తారు.

ఇక ప్రెషర్ ఎంత అన్న ప్రశ్న. పైన చెప్పిన సూత్రమే మళ్ళీ. మూలల్ని ద్రవంతో నింపాల్సి వస్తే చిన్న రేడియస్సే ఖర్చు. పని జరిగి 400 మెగాపాస్కల్‌కి గట్టిపడిన 1 మి.మీ. మైల్డ్ స్టీల్‌లో 10 మి.మీ. మూలకి 400 బార్ చాలు. 5 మి.మీ. కావాలంటే 800. 2 మి.మీ. పదునైన మూల కావాలంటే 2,000. స్టెయిన్‌లెస్‌కి ఇంకా ఎక్కువ. డ్రాయింగ్ గీసినవాళ్ళు అందం కోసం 2 మి.మీ. అని రాస్తారు, దాని బరువు ప్రెస్ మోయాలి. మీ కప్పుకి అదృష్టవశాత్తూ అడుగు మూల పంచ్ మీదే వంగుతుంది, ద్రవం నింపాల్సిన గుంట మూలలు లేవు. 300 నుంచి 500 బార్ మధ్య మీ పని అయిపోవాలి. సరైన అంకె ట్రయల్‌లోనే తేలుతుంది.

చేతి పంపు మాట. 500 బార్ ఇచ్చే చేతి పంపు దొరుకుతుంది, అది పెద్ద విషయం కాదు. హైడ్రాలిక్ జాక్‌లకి వాడేవి 700 బార్ దాకా ఇస్తాయి. సమస్య ఆ ప్రెషర్‌ను మూసి ఉంచేది. మీ బ్లాంక్ 230 అయితే గది నోరు 300 మి.మీ. వ్యాసం అనుకుందాం. డయాఫ్రమ్ రకంలో ఆ నోటి మొత్తం మీద 500 బార్ అంటే 360 టన్నులు. దాన్ని విప్పుకోకుండా పట్టుకోవాలి, బోల్టులైనా, ప్రెస్ అయినా. హైడ్రోమెకానికల్ రకంలో పంచ్ మీదే లెక్క వేయండి. కప్పు లాగడానికి 19 టన్నుల దాకా, ద్రవాన్ని ఎదుర్కోవడానికి మరో 40 టన్నులు. మామూలు డ్రాకి సరిపోయిన ప్రెస్ ఇక్కడ మూడు రెట్లు కావాలి. నీళ్ళు పనిని తేలిక చేస్తాయనుకునేవాళ్ళు ఈ లెక్క చూసి ఆగిపోతారు. చిరుగు తగ్గుతుంది, బలం మాత్రం ఎక్కువే కావాలి.

షెడ్‌లో నిజంగా చేయగలిగేది ఒకటుంది. రెండు చదును రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచు చుట్టూ లీకు లేకుండా వెల్డ్ చేసి, మధ్యలోకి నీళ్ళు పంపు చేసి ఉబ్బించడం. మోటార్‌సైకిల్ రేసు ఎగ్జాస్ట్‌ల ఉబ్బు గొట్టాలు ఇలా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ప్రెషర్ వాషర్ పంపు చాలు. డై ఉండదు, కాబట్టి అంచులు లోపలికి జరిగి వంపుల దగ్గర నలిగి ముడతలు పడతాయి. అది ఆ పద్ధతికి సహజం. హార్బిన్‌లో వాంగ్ చోంగ్‌రెన్ 1985లో మొదలుపెట్టిన పద్ధతి దీనికి పెద్దన్న. పలకలు వెల్డ్ చేసి పలు ముఖాల పెట్టె కట్టి, లోపల నీళ్ళు నింపి ఉబ్బిస్తే డై లేకుండానే గోళాకారపు ట్యాంకు వస్తుంది. ఉబ్బేకొద్దీ ఎక్కడ ఎక్కువ చదునుందో అక్కడే ముందు సాగి తనంతట తాను గుండ్రమవుతుంది.

ఇలాంటిది చేస్తే గాలితో మాత్రం చేయకండి. నీళ్ళు 100 బార్ దగ్గర అర శాతం కూడా కుంచించుకోవు, కాబట్టి అందులో దాగే శక్తి చాలా తక్కువ. వెల్డ్ విరిగితే ఫట్‌మని నీళ్ళు చిమ్మి ప్రెషర్ అక్కడితో పడిపోతుంది. అదే ప్రెషర్‌లో గాలి అయితే ఒక్కో లీటరులో వెయ్యి రెట్లకు పైగా శక్తి దాగి ఉంటుంది, అది పేలుడే. నీళ్ళతో చేసినా లోపల గాలి బుడగ మిగలకుండా, పై మూలన బ్లీడ్ రంధ్రం నుంచి నీళ్ళు ఏకధారగా వచ్చేదాకా గాలి తీసేయాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకొద్దు. సూది బెజ్జం లోంచి వచ్చే ధార చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల చెయ్యి పోయే గాయం అది. అట్టముక్క పట్టుకుని చూడాలి.

మీ మెటీరియల్ గురించి. 304 చాలా సాగుతుంది, సాగేకొద్దీ చాలా గట్టిపడుతుంది. ఈ రెండోది మంచిదే. పలచబడిన చోటే గట్టిపడితే సాగుడు పక్కకి పంచుకుంటుంది. ఎంత గట్టిపడిందో తెలుసుకోవడానికి ఓ చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకోండి. కొత్త రేకుని అది దాదాపు అంటుకోదు. లాగిన కప్పు మూతి దగ్గర పెట్టి చూడండి, చప్పున పట్టేస్తుంది. బాగా నలిగిన చోట లోహం లోపలి నిర్మాణం మారి, మార్టెన్‌సైట్ అనే గట్టి, అయస్కాంతానికి అంటుకునే రూపం అయింది. అడుగు మధ్యలో, ఏమీ జరగని చోట, మళ్ళీ అంటుకోదు. ఆపై ఇంకో డ్రా ఉందనుకుంటే ఆ చోటిని 1,050 డిగ్రీల సెల్సియస్ దగ్గర అనీల్ చేయకుండా, అంటే వేడిచేసి మెత్తబరచకుండా, ముందుకు పోవద్దు.

ఇదే తర్కంతో ఇంకో చిట్కా. ఈ మార్పు వేడిలో తగ్గుతుంది. ఫ్లాంజ్‌ను 100 డిగ్రీల దాకా వెచ్చబెట్టి, పంచ్‌ను చల్లగా ఉంచితే కుంచించుకోవాల్సిన చోట లోహం మెత్తగా, లాగే చోట గట్టిగా ఉంటుంది. హైడ్రోఫార్మింగ్ లేకుండానే డ్రా రేషియో పెరుగుతుంది. అలాగే రేటు తక్కువని 201 గ్రేడ్ రేకు పెట్టమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తక్కువ నికెల్ గ్రేడ్లలో లోతుగా లాగిన కప్పులు తనిఖీలో పాసై, గోడౌన్‌లో ఉండగా మూతి నుంచి నిలువుగా చీలడం జరుగుతుంది.

అల్యూమినియం చేసేవాళ్ళకి ఒక మాట. 2024 లాంటి విమాన మిశ్రమాలని ‘O’ టెంపర్‌లో (అనీల్ చేసిన మెత్తటి స్థితిలో) నొక్కి తర్వాత హీట్ ట్రీట్ చేస్తే వంకర పోతాయి. అందుకే ముందే హీట్ ట్రీట్ చేసి, క్వెంచ్ చేసి (చప్పున చల్లార్చి), గట్టిపడకముందే నొక్కేస్తారు. వెంటనే వీలుకాకపోతే రేకుల్ని ఫ్రీజర్‌లో పెట్టి, వాటంతట అవి గట్టిపడకుండా ఆపుతారు.

ముక్క బాగా వచ్చిందో లేదో కంటితో చెప్పలేం. చిరగకపోవడం వేరు, చిరుగుకి దూరంగా ఉండటం వేరు. ట్రయల్ బ్లాంక్ మీద 5 మి.మీ. వృత్తాల గ్రిడ్ ఎచ్ చేయించండి. నొక్కాక ఆ వృత్తాలు కోడిగుడ్డు ఆకారాలవుతాయి. ఒక వృత్తం పొడవుగా 6.5, అడ్డంగా 5 ఉందంటే ఒక దిక్కున 30 శాతం సాగింది, మందం 23 శాతం తగ్గింది. 1 మి.మీ. కాస్తా 0.77 అయింది. అల్ట్రాసోనిక్ మందం గేజ్‌తో సరిచూసుకోవచ్చు. మూలకు పైన ఉన్న ఆ పట్టీ మీద ముక్క చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. నాలుగూ ఒకేలా లేకపోతే పంచ్ కేంద్రం తప్పిందో, నూనె ఒక వైపే పడిందో చూసుకోవాలి.

ఇంత చెప్పాక కూడా మీకు హైడ్రోఫార్మింగ్ కావాలా అంటే, ముక్కల సంఖ్య చెప్పండి అంటాను. స్టాంపింగ్ ప్రెస్ నిమిషానికి పదో పదిహేనో కొడుతుంది. హైడ్రోఫార్మింగ్‌లో ఒక్కో సైకిల్‌కి అర నిమిషం నుంచి రెండు నిమిషాలు పడుతుంది. లక్షల్లో కావాలంటే రెండు డ్రాల టూలింగ్ చేయించుకోవడమే మేలు. 230 బ్లాంక్‌ని మొదట 135 మి.మీ. కప్పుగా, తర్వాత 100 గా లాగండి, మధ్యలో అవసరమైతే అనీల్. వందల్లోనూ కొన్ని వేలల్లోనూ, డిజైన్ ఇంకా మారే అవకాశం ఉంటేనూ డయాఫ్రమ్ మెషీన్ ఉన్న షాపుకి ఇవ్వండి. పంచ్ ఒక్కటే మీ ఖర్చు. ముందే పాలిష్ చేసిన రేకు ఇస్తే బయటి ముఖం మీద గీత పడకుండా వస్తుంది, తర్వాత బఫింగ్ కూలీ మిగులుతుంది.

ఇచ్చేముందు డ్రాయింగ్‌లో రెండు సవరణలు అడగండి. అడుగు మూల రేడియస్ 4 ఉంటే కనీసం 8 చేయమనండి. ఆ పట్టీ మీది పలచదనం అక్కడికక్కడే తగ్గుతుంది. మూతి దగ్గర లోతు 100 అని కచ్చితంగా రాసి ఉంటే, లాగాక ట్రిమ్ చేసిన లోతు 100 అని మార్పించండి. రేకు రోలింగ్ దిక్కును బట్టి మూతి నాలుగు చోట్ల చెవుల్లా లేచి ఉంటుంది, ఆ చెవులు కోస్తేనే సమం అవుతుంది. షాపువాళ్ళు బ్లాంక్‌ని అడుగుతారు, 230 ఇవ్వండి గానీ వందలకొద్దీ ఒకేసారి కోయించకండి. మొదటి పది ట్రయల్ అయ్యాక సరైన వ్యాసం 226కి దిగుతుందో 233కి పెరుగుతుందో వాళ్ళే చెప్తారు.